కోచ్ గారి బావ

అతనికీ ఒక పేరుంది. కానీ స్టేడియంలో ఉత్తరం వైపు ఏడో వరుసలో కూర్చునే జనానికి ఆ పేరుతో ఎప్పుడూ పనిపడలేదు. చెల్లెల్ని ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కోచ్‌కిచ్చి పెళ్ళి చేశాడు. కోచ్‌కి బావ కాబట్టి వరుస మొత్తానికీ బావగారయ్యాడు.

పని సోఫాలు కుట్టడం. రెక్సిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు, గోడవారగా ఒళ్ళు విప్పుకుని పడున్న పాత కుర్చీలు, అదీ అతని షాపు. నాలుగు మేకులు పెదాల మధ్య బిగించి పనిచేసే అలవాటు వల్ల మాట తక్కువ. అసలు నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా అతని మాట ఆగి విన్నవాడే లేడు. క్లబ్బు గెలుస్తున్న ఆ రెండేళ్ళలోనే అతని దశ తిరిగింది. "రేపు ముందు ఎవర్ని ఆడిస్తున్నారు బావగారూ?" అంటూ జనం చుట్టూ మూగేవారు. అతనికి తెలిసింది గుండుసున్నా. అయినా గంభీరంగా తలాడించి, "చూస్తారుగా" అనేవాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయి అతనికి మెట్ల పక్కన మంచి సీటు వదిలేవారు.

మూడో ఏడు క్లబ్బు ఓడటం మొదలుపెట్టింది. వరసగా ఆరు ఆటలు పోయాయి. బావగారూ అన్న పిలుపు అలాగే ఉంది గానీ, అందులో తీపి విరిగిపోయింది.

"బావగారూ, మీ వాడికో సోఫా కుట్టివ్వండి. ఇంట్లో కూర్చుంటాడు," అన్నాడు బస్సు డ్రైవరు ఒక రోజు. వరుసంతా పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వకపోతే సీటు పోతుందని భయం.

ఆ వారంలోనే చెల్లెలు తన ఇంట్లో కుర్చీల సీట్లు మార్చాలని పిలిచింది. కొలతలు తీసుకుంటూ వంటగదిలోకి వెళ్ళిన అతనికి, సగం తెరిచున్న అలమర తలుపు లోపల ఆటగాళ్ళ ఫొటోలు వరసగా అంటించి కనిపించాయి. ఒక్కో ఫొటో కింద పెద్దక్షరాలతో పేరు.

"ఏంటే ఇది?"

చెల్లెలు తలుపు మూసింది. మళ్ళీ తనే తెరిచింది.

"ఆయనకి పేర్లు అందడంలేదన్నయ్యా. మొహం తెలుసు, ఎవడు ఏ కాలితో కొడతాడో తెలుసు. పేరు మాత్రం నోటికి రాదు. పొద్దున్నే చదివించి పంపుతున్నాను. సీజన్ అయిపోగానే పరీక్షలు చేద్దామన్నాడు డాక్టరు. నీకు తప్ప పిట్టకి కూడా తెలీదు. తెలిస్తే ఆయన బతకడు."

"నాకెందుకు చెప్తావు ఇవన్నీ," అని విసుక్కుంటూనే, ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు.

ఏడో ఓటమి మర్నాడు నలుగురూ అతని షాపులో చేరారు. బాగుచెయ్యడానికి వచ్చిన సోఫాల మీదే కూర్చుని పంచాయితీ మొదలెట్టారు.

"పీకి పారెయ్యాల్సిందే," అన్నాడు బస్సు డ్రైవరు. "పక్క ఊరి 'ఈల'ని తీసుకురావాలి." నోట్లోంచి ఈల తియ్యడు కాబట్టి ఆ కోచ్‌కి ఆ పేరు. "వాడొస్తే ఒక్కొక్కడి కొవ్వు కరుగుతుంది."

"కొవ్వుతోపాటు కాళ్ళూ విరుగుతాయి," అన్నాడు మందుల షాపాయన. ఆ గుంపులో కోచ్‌ని వెనకేసుకొచ్చే మనిషి ఇక ఆయనొక్కడే. "పోయినేడాది వాడి దెబ్బకి నలుగురు మంచాన పడ్డారు. మనవాళ్ళు ముగ్గురికి గాయాలైతే కోచ్ ఏం చేస్తాడండీ, తనే చెడ్డీ వేసుకుని దిగుతాడా? మీరైనా చెప్పండి బావగారూ. లోపలి మనిషి మీరు."

అందరూ అతని వైపు తిరిగారు. చాన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఆ చూపు. అతను నోట్లోంచి మేకులు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పమంటారు! ఆయనకి ఆటగాళ్ళ పేర్లే గుర్తుండవు. మా చెల్లెలు వంటింటి అలమరకి ఫొటోలంటించి, ఒకటో తరగతి పిల్లాడికి నేర్పినట్టు పొద్దున్నే వల్లె వేయిస్తోంది."

బస్సు డ్రైవరు తొడ చరిచి, "నిజమా బావగారూ! ఇంకా, ఇంకా!" అన్నాడు.

ఇంకా ఏమీ లేదు. అందుకని అతనే కల్పించాడు. "తప్పు చెప్తే టీ ఇవ్వదు. గోడకి నిలబెడుతుంది." ఒక చేత్తో చెవి పట్టుకుని, కళ్ళు తేలేసి, పేరు కోసం తడుముకునే బావని అభినయించి చూపించాడు. షాపు దద్దరిల్లిపోయింది. మందుల షాపాయన మాత్రం, "అది జబ్బేమోనండీ," అన్నాడు మెల్లగా. ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

శనివారం మధ్యాహ్నం ఆట. బస్సు డ్రైవరు పదకొండు అట్టల మీద పదకొండు పేర్లు రాయించి తెచ్చి తలా ఒకటి పంచాడు. ఒకటి బావగారి చేతిలోనూ పెట్టాడు. కోచ్ మైదానం అంచుకి రాగానే ఉత్తరం వైపంతా లేచి నిలబడింది.

"పేరు చెప్పు! పేరు చెప్పు!"

తనని ఉత్సాహపరుస్తున్నారనుకుని కోచ్ చెయ్యి ఊపాడు. ఆ తర్వాత అట్టలు చదివాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగిపోయింది. ఎదుటి వైపు కుటుంబాల సీట్లలో ఉన్న చెల్లెలు లేచి నిలబడి, సరిగ్గా ఏడో వరుసకేసి చూసింది. అతనికి ఆమె కనబడుతూనే ఉంది. పక్కవాళ్ళు చూస్తారని అట్ట దించలేదు.

రెండో సగంలో ఒక ఆటగాణ్ణి మార్చాల్సి వచ్చింది. కోచ్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. వేలు పెట్టి చూపించాడు. జనం ఈలలేసి గోలచేశారు. పదకొండేళ్ళుగా ఆయన పక్కనే పనిచేస్తున్న అసిస్టెంటు పరిగెత్తుకొచ్చి చెవిలో పేరు చెప్పాడు. మంగళవారం కోచ్‌ని తీసేశారు.

ఆదివారం అతను చెల్లెలింటికి వెళ్ళాడు. తలుపు తీసింది కోచే.

"రా బావా. ఊళ్ళో నువ్వొక్కడివైనా వచ్చావు," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. "ఎవడు బయటపెట్టాడో నాకు అర్థమైందిలే. నా అసిస్టెంటే. వాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?"

అతను టీ కప్పులోకి చూశాడు. వంటగది గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది.

"వాడే బావా," అన్నాడు అతను. "వాడి వాలకం నాకు మొదట్నుంచీ నచ్చలేదు."

కోచ్ అక్కడే, అతని ముందే, క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. వారం తిరక్కుండా అసిస్టెంటు పని పోయింది.

గేటు దాకా చెల్లెలు వచ్చింది. "ఆయనకి నేను చెప్పను. చెప్తే ఆయనకి ఉన్న ఒక్క మనిషీ పోతాడు. నువ్వు మాత్రం మళ్ళీ ఈ గడప తొక్కకు," అంది. అన్నయ్యా అనలేదు.

ఈల వచ్చాడు. మొదటి రెండు ఆటలూ గెలిపించాడు. అతను గొంతు పోయేలా అరిచాడు. కానీ ఆ వరుసలో బావగారూ అని పిలిచే అవసరం ఇక ఎవరికీ లేదు. మెట్ల పక్కన సీటులో బస్సు డ్రైవరు స్నేహితుడు కూర్చుంటున్నాడు. తర్వాత మళ్ళీ ఓటములు వచ్చాయి, మళ్ళీ పంచాయితీలు మొదలయ్యాయి. ఈలని కూడా తీసెయ్యాలని అతను ఏదో అనబోతే, "నువ్వూరుకోవయ్యా, నీకిప్పుడు లోపలెవరున్నారని," అన్నాడు బస్సు డ్రైవరు.

ఒక రోజు ఆట మొదలవకముందు మందుల షాపాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొన్న మీ చెల్లెలు గారు మా షాపుకొచ్చి ఆరు నెలల మందులు ఒకేసారి తీసుకున్నారు. ఊరు మారిపోతున్నామన్నారు. కోచ్ గారిని బాగా చూసుకుంటున్నారు పాపం. మీకు చెప్పే ఉంటార్లెండి."

"చెప్పింది, చెప్పింది," అన్నాడు అతను మైదానం వైపు చూస్తూ. అక్కడ ఇంకా ఎవరూ దిగలేదు.