ఆదెమ్మ చెప్పని మాట

రెండేండ్లు దాటింది. ఈ మాట నా గొంతులోనే ఉండాది. ఇంట్లో చెప్పల్యా, తోటి రాతగాళ్లకు చెప్పల్యా. నీకు చెప్తాండా, నువ్వు నన్ను ఎరగవు కాబట్టి.

కర్నూలులో ఆఫీసుల ముందర ఇరవై ఏండ్లుగా అర్జీలు రాస్తాండా. రాసింది గట్టిగా చదివి వినిపించి, రాయించుకునేవాళ్లు ఔనన్నాకనే వేలిముద్ర వేయించుకోవాల. అది మా పద్ధతి. ఫోన్లోకి ఏఐ వచ్చినాక నాకు శానా సుఖమాయ. విషయం రెండు ముక్కల్లో చెప్తే చాలు, నా జన్మలో రాయలేనంత నున్నటి తెలుగు రాసిచ్చేది. దాని ముందర నా రాత నాకే నామోషీ అనిపించింది.

ఆదెమ్మ పడమటి పల్లె నుంచి వచ్చింది. మొగుడు లేడు, ఎకరన్నర చేను. ఆ చేనికి పోయే బండి దావకు పక్క రైతు కంప అడ్డమేసినాడు.

"మా మామ కాలం నుంచి అది మా దావే అన్నా. కంప తీపియ్యమని రాయి," అనింది.

అదే ఫోనుకు చెప్పినా. పక్క రైతు పొలం గుండా వెళ్లడానికి దయతో అనుమతి ఇప్పించమని అది రాసింది.

ఆడ నా కన్ను ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది. హక్కు అడగమంటే ఇది బిచ్చమడిగిందే అని తోచింది కూడా. మరి ఎందుకు దిద్దల్యా? బద్ధకమా? కాదు. అంత తెలిసినదానికంటే నాకెక్కువ తెలుసునా అని నన్ను నేనే తగ్గించుకున్నా. ఇంకా నలుగురు కాచుకోని ఉంటే, చదివి వినిపించకుండానే ఆమె వేలిముద్ర వేయించినా.

విచారణలో ఆఫీసర్లు ఆ కాగితమే చూపించినారంట. అనుమతి అడిగినావంటే దావ ఆయనదని నువ్వే ఒప్పుకున్నట్టు గదా అన్నారంట. అర్జీ కొట్టేసినారు.

ఆమె మళ్లా నా దగ్గరికొచ్చింది. "నేను అట్ల చెప్పల్యా గదన్నా?"

"నువ్వు చెప్పిందే రాసినామ్మా. మర్చిపోయినావేమో."

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట! ఫోను చూసి రాస్తానని తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తారని భయం. పోనీ, తప్పు ఫోనుదే అనుకుందామా? అది రాసింది, అంతే. సరే అన్నది నేను.

మొన్న బస్టాండులో కనపడింది. ఇప్పుడు వాగువంక చుట్టూ తిరిగి, ఎరువు మూట నెత్తిన పెట్టుకోని చేనికి పోతాదంట. నీ నోటితోనే దావ పోగొట్టినావని కొడుకు ఇప్పటికీ తిడతాడంట.

"నిజమేలే అన్నా, ఏదో గాబరాలో నేనే అట్ల అనింటా," అని నవ్వింది.

నేను తలకాయ ఊపి బస్సెక్కినా. థూ, నా బతుకు! దావ పోవడం ఒక ఎత్తు. ఆమె మాట మీద ఆమెకే నమ్మకం లేకుండా చేసినా.

ఇది ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాల్యా. వస్తాదో రాదో. ఒక్కచోటన్నా ఉన్నదున్నట్టు ఉండనీ. ఆదెమ్మ అట్ల చెప్పల్యా. "మా దావే" అనింది. నా చెవులతో నేను విన్నా.