పడుగు పక్కన కాగితంపూలు

కర్నూలు రాజధాని అయిన ఏడాదే నాకు పెళ్లయింది. ఆదోనిలో మా అమ్మ ప్రతి శనివారం ప్రార్థన మందిరం ఊడ్చి, గోడమీది కాగితంపూల చెట్టును సవరించేది. నేను ఎమ్మిగనూరుకు కాపురానికి వచ్చేటప్పుడు దాని కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. దాన్ని మా దొడ్డిగోడ వారన నాటాను.

"మా ఊర్లో ముండ్లు సాలవని ఆదోని నుంచి తెచ్చినావామ్మా?" అని మా అత్త నవ్వింది.

మాది మగ్గాల వీధి. తెల్లవారుతూనే పడుగును, నేతకు కావాల్సిన నిలువు పోగులను, వీధి పొడవునా కర్రలమీద సాచి, కుంచెతో గంజి పెట్టేవారు. ఆ జొన్నగంజి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రెండో ఏటికి నా చెట్టు గోడ దాటి వీధిలోకి వాలింది. ఒక ఉదయం గాలికి కొమ్మ ఊగి పడుగులో చిక్కుకుంది. పదిహేను పోగులు తెగాయి. మా మామ మందిరంలో సంఘ పెద్ద, గొంతు పెంచే మనిషి కాదు. ఇంకొక్క పోగు తెగితే చెట్టు కొట్టేస్తానని మాత్రం చెప్పాడు.

కొమ్మలను లోపలికి వంచి గోడకు కట్టడమే దారి. రాళ్ల సందుల్లో కర్రమేకులు దిగగొట్టి, మగ్గం కింద పారేసిన పడుగు కొసలతో ఒక్కొక్క కొమ్మనూ కట్టాను. అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు దినాలు. ముల్లు దిగినప్పుడల్లా ముళ్లకిరీటం పెట్టిన ప్రభువు నుదురు గుర్తొచ్చి, నా చేతినొప్పి చెప్పుకోవడానికి సిగ్గేసేది.

మూడోరోజు తెల్లవారి లేచి చూస్తే కొమ్మలన్నీ మళ్లీ వీధిలోకి వేలాడుతున్నాయి. మేకలు దొడ్డిలోకి దూరి కట్లన్నీ నమిలేశాయి. పడుగు కొసలకు గంజి ఉంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు. అప్పటికే గోడ అవతల మా ఇంటి పడుగే సాచి ఉంది. మళ్లీ కట్టే వ్యవధి లేదు. గోనెపట్టా భుజాన వేసుకుని, కొమ్మలన్నీ రెండు చేతుల్లో పోగేసి లోపలికి లాగి పట్టుకున్నాను. గాలి వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. మా మామ కుంచె పట్టుకుని గోడ పక్కగా పోతూ వస్తూ చూశాడు. పని ఆపలేదు.

ఎండ గోడమీదికి వచ్చాక దొడ్డిలోకి వచ్చాడు.

"ఇంగ వదులమ్మా. పడుగు ఎండిపాయ."

"యాడన్నా తెగిందా మామా?"

"యాడా తెగల్యా."

చేతులు వెంటనే తెరుచుకోలేదు. ఆయన గుప్పెడు కొసలు తెచ్చి తొట్టినీళ్లలో నానబెట్టి పిండాడు.

"గంజి ఉతికి కట్టల్ల. మేకలకు తెలిసింది మనకు తెల్యకపాయ" అన్నాడు.

పోగు అతికించే ముడితోనే మొదటి కొమ్మ కట్టాడు. రెండో కొమ్మ దగ్గర బొటనవేల్లో ముల్లు దిగింది. పీకి పారేసి, నా వైపు చెయ్యి చాపాడు.

"ఇంగొగ కొస ఇయ్యి."