మగ్గం గుంటలో అవ్వ చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు మగ్గం గుంటలోకి కాళ్ళు దించాలన్నా ముందు పక్కనున్న కందికట్టె తీసుకుని, గుంట అంచుల మీద కొట్టి, లోపల అటూ ఇటూ ఆడించి చూసేవారు. నేలలో తవ్విన ఆ గుంటలోనే నేసేవాళ్ళ కాళ్ళు, తొక్కుడు చెక్కలు ఉంటాయి. గాలిలో తేమ లేకపోతే పోగు తెగుతుంది కనుక గుంటలో రోజూ నీళ్ళు చిలకరించేవాళ్ళం. మక్తల్ వైపు ఎండలకు ఊరంతా పెనంలా కాగుతుంటే ఆ గుంట ఒక్కటే చల్లగా ఉండేది. ఆ చల్లదనం పురుగుకూ పుట్రకూ ఇష్టమే. అందుకే ఆ కట్టె.

డైరీ రాసే అలవాటు నాకు నర్సు ఉద్యోగంలో చేరాక వచ్చింది. కాబట్టి ఈ సంగతి జరిగిన తేదీ నా దగ్గర లేదు. ఎండాకాలమని, మధ్యాహ్నమని, నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళని మాత్రం చెప్పగలను. మిగతాదేదీ రాసిపెట్టుకోకపోయినా చెరగలేదు.

మాది నేతపని చేసే క్రైస్తవ కుటుంబం. మా అవ్వకు, అంటే మా నాయిన తల్లికి, చదువు రాదు. ఆదివారం చర్చిలో విన్నదాన్ని మనసులో పెట్టుకుని, తన మాటల్లోనే దేవునితో మాట్లాడేది. పొయ్యి ముట్టించేటప్పుడూ, గుంటలో కట్టె ఆడించేటప్పుడూ ఆమె పెదవులు కదులుతుండేవి. నాయిన ఆటపట్టించేవాడు. "దేవుడు సూస్తడంటవు, మల్ల కట్టెతోని కొడతవు. నమ్మకం సాలదా అమ్మా?" అవ్వ తల తిప్పకుండానే, "కట్టె గూడ ఆయనిచ్చిందే కదరా" అనేది.

అంతటి అవ్వకూ ఒక భయం ఉండేది. మా తాతయ్య చేనులో కట్లపాము కరిచి చనిపోయాడు. ఆ తరువాత ఆమె పాము అనే మాటే పలకలేదు, పురుగు అనేది. పిల్లలం చెప్పుకునే కథలో పాము వచ్చినా లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేది.

ఆ రోజు నాయిన తొందరలో ఉన్నాడు. మగ్గం మీది చీర మరునాటి సంతకు అందాలి. అమ్మ కూలికి పోయింది. నేను కిటికీ పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాను. ఎండ రాకుండా కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీశాం కనుక ఇల్లు మసకగా ఉంది. అన్నం తిని వచ్చిన నాయిన కట్టె వైపు చూడకుండానే గుంటలోకి కాళ్ళు దించాడు. అడ్డపోగును మోసే నాడె కొద్దిసేపు అటూ ఇటూ పరుగెత్తింది. తరువాత ఆగిపోయింది.

మగ్గం ఆగడం మామూలే. పోగు తెగితే ఆగుతుంది. కానీ పోగు తెగితే నాయిన ముడి వెయ్యడానికి ముందుకు వంగుతాడు. ఆ రోజు వంగలేదు. నాడె పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"బిడ్డా, అవ్వను పిలువ్" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "ఉరకకు. మెల్లగ పో."

అవ్వ వచ్చి, నడుం వంచి గుంటలోకి చూసింది. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు. పాము నాయిన ఎడమ పాదం మీద చుట్టచుట్టుకుని ఉంది. అవ్వ వెంటనే గోడ పట్టుకుంది. నాయిన లేవడానికి లేదు. బట్ట చుట్టే దోనె పొట్టకు ఆనుకుని ఉంది, పాదాలు చెక్కల నడుమ ఉన్నాయి. కాలు కదిలిందా, అంతే.

సరిగ్గా అప్పుడే పక్కింటి మామ గంజికుంచె అడగడానికి వచ్చాడు. ఆయనా నేతగాడే. చూస్తూనే కందికట్టె అందుకున్నాడు. "జరుగు అత్తా, ఒక్క దెబ్బల తీస్త."

అవ్వ కట్టెను పట్టుకుంది. "దెబ్బ తగిలినా తగలకున్నా, అది ముందుగల్ల కాలునే పడతది. ఆగు."

గుంట పక్కన కూర్చుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. మామకు చిర్రెత్తింది. "గిదేనా టైము? ప్రార్థన తర్వాత జేద్దువుగని!"

"ప్రార్థన నోరు జేస్తాంది. చేతులు ఖాళీనే ఉన్నయి. ఆ చిన్న కుండల నీళ్ళు పారబోసి ఇటియ్యి. మూకుడు గూడ."

నీళ్ళు తీసిన ఆ కుండ చల్లగా, లోపల చీకటిగా ఉంది. అవ్వ ఆలోచన నాకు అప్పుడు అర్థం కాలేదు. కుండను పక్కకు పడుకోబెట్టి, మూతి నాయిన పాదం వైపు ఉండేలా గుంటలోకి దించాలి. అంటే ఆ పాము పక్కకే చెయ్యి పోవాలి. ఆమె చెయ్యి ఎంతగా వణికిందంటే, వెండి గాజులు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. గాజులను మోచేతి దాకా తోసుకుంది.

"తండ్రీ, నా చెయ్యి వణుకుతాంది. వణుకనియ్యి. పట్టు మాత్రం తప్పనియ్యకు."

ఆ మాటలతో కుండను దించింది. కుండ నేలను తాకిన చప్పుడు కూడా రాలేదు. ఇక నా వంతు వచ్చింది. "పిల్లా, గోనెపట్టా పక్కకు జరుపు. జరంత జరంత." అవ్వ మాటలనే లోపల అనుకుంటూ పట్టాను లాగాను. ఎండ సన్నటి చారలా లోపలికి వచ్చి, నేల మీద పాకి, గుంటలో నాయిన మడమ మీద పడింది.

పాము కదలలేదు. నాయిన నుదుటి చెమట చుక్కలు చీర మీద రాలుతున్నాయి. ఎండ ఇంకొంచెం జరిగింది. అప్పుడు పాము తల ఎత్తింది. వెలుతురు లేని వైపు చూసి, పాదం మీది నుంచి మెల్లగా దిగి, కుండ మూతి దగ్గర ఆగింది. అవ్వ చెయ్యి కుండ అంచు మీదనే ఉంది. తీసేస్తే అలికిడవుతుందని తీయలేదు. పాము ఆమె వేళ్ళను రాసుకుంటూ లోపలికి పోయింది. తోక దాకా పోయేంతవరకు ఆగి, అవ్వ మూకుడు మూసి, కుండను నిలబెట్టి మామకు అందించింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊరవతలి గుట్ట వైపు నడిచాడు.

నాయిన గుంటలోంచి వెంటనే లేవలేకపోయాడు. అవ్వ ఒడిలో తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను అవ్వకు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాను.

"అవ్వా, నీకు భయం కాలేదా?" అని అడిగాను.

"ఎవ్వలు జెప్పిన్రే నీకు? గిప్పటికీ వణుకుతాన సూడు" అని చెయ్యి చాపి నవ్వింది. కొంతసేపటికి మెల్లగా అంది. "ధైర్యం ముందుగల్ల రాదు బిడ్డా. నేను గుంట బయట కూసున్నప్పుడు రాలే. చెయ్యి లోపల పెట్టినంక ఇచ్చిండు."

మరునాడు నాయిన కట్టెతో గుంటను ఎంతసేపు కొట్టాడంటే, "ఇగ సాలురా, గుంట కూలుతది" అని అవ్వే ఆపింది.

దవాఖానలో పనిచేసిన కాలంలో ఎన్నో తలుపుల ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. లోపలున్నవాళ్ళకు ఏం చెప్పాలో తెలియని రోజులు అవి. ధైర్యం వచ్చాక వెళ్దామని ఎదురుచూడలేదు. తలుపు మీద చెయ్యి వేశాను, మిగతాది లోపలికి వెళ్ళాక అందింది. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటున్నా, చెప్పులు వేసుకునేముందు గడపకు తట్టి దులుపుతాను. ఇక్కడ పాములెక్కడివని మనుమరాలు నవ్వుతుంది. నవ్వనిస్తాను. తట్టినప్పుడల్లా నా పెదవులు కదలడం ఆమె ఇంకా గమనించలేదు. వణుకనియ్యి, పట్టు మాత్రం తప్పనియ్యకు.