ముప్పై కంబాల పరుగు

నేను పరుగు నేర్చుకున్నది బడిలోనే. పాఠం మొదలవగానే కిటికీ దూకి పారిపోయేవాణ్ణి కాబట్టి, ఆరో తరగతికి వచ్చేసరికి నన్ను పట్టుకోగల అయ్యవారు మా బడిలో లేకుండా పోయాడు. ఆ తర్వాత బడి నన్ను వదిలేసింది, నేను దాన్ని వదిలేశాను. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉండింది.

తొంభైల చివర్లో హోసూరు బయట, తళికి పోయే రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తే మా ముగ్గురి జట్టుకు నేనే కోచ్‌ని. ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. అప్పట్లో కరెంటు కంబాలకు గుంతలు తవ్వే పని నాది. రెండో ఆయన పిండి మిల్లు ఓనరు. షుగర్ వచ్చిందని డాక్టరు నడవమంటే, నడిస్తే ముసలాడంటారని పరుగెత్తేవాడు. మూడో ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. చిన్నప్పుడు ఏదో పందెంలో గెలిచిన మెడల్ గురించి రోజూ చెప్పేవాడు. జట్టుకంతా ఉన్న ఒక్క స్టాప్‌వాచీ ఆయనదే కాబట్టి మేము రోజూ వినేవాళ్లం.

ఒక చలికాలం మా జట్టులోకి నా బామ్మర్ది వచ్చి చేరాడు. తళి దగ్గర గ్రీన్‌హౌస్‌లో గులాబీలు కోసి కట్టలు కట్టే పని వాడిది. పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాడు. ఇక కృష్ణగిరిలో పరుగు. పదిహేను వందల మీటర్లు ఏడు నిమిషాల్లో ముగించాలి. అందులో తప్పితే అంతే సంగతులు, వచ్చేసారికి వయసు దాటిపోతుంది. రెండు నెలలు మా ఇంట్లోనే ఉండి, పొద్దున పరుగెత్తి, తర్వాత తళి బస్సెక్కి పనికి పోయేటట్టు మా ఆవిడ ఏర్పాటు చేసింది.

"పదిహేను వందలంటే యాడిదాకా బావా?" అన్నాడు మొదటి రోజు.

"నన్నడగతావా? ఊళ్లో గుంతలు తవ్వినోణ్ణి నేను. కంబానికీ కంబానికీ యాభై మీటర్లు. ముప్పై సందులు లెక్కపెట్టు, అయిపాయ."

టేపు తేవాలని ఎవరికీ తోచలేదు. సున్నం తెచ్చి మొదటి కంబానికీ చివరి కంబానికీ గీతలు గీశాను. ఫిట్టరు వాచీ నొక్కాడు. బామ్మర్ది పరుగెత్తాడు. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు.

ఆ రోజు నుంచి వాడి పొట్ట మా అందరి సొత్తు అయింది. మిల్లు ఓనరు తాను తినకూడనివన్నీ వాడికి రాసిచ్చాడు. బెల్లం, ఖర్జూరం, అరటిపండు, పైన తేనె. "నా పేరు చెప్పి తినప్పా, నాకు తిన్నట్లే ఉంటాది" అన్నాడు. ఫిట్టరు పచ్చిగుడ్లు రెండు తాగమన్నాడు, మెడల్ రహస్యం అదేనట. నన్నడిగితే ఊరికే ఉంటానా?

"గుర్రానికి ఏం పెడతారప్పా? ఉలవలు. పచ్చి గుడ్డు తాగిన గుర్రాన్ని యాడన్నా చూసినావా?"

నేను నవ్వులాటకు అన్నాను. వాడు పిడికెడు నానబెట్టిన ఉలవలు పరగడుపున నమిలి వచ్చాడు. పన్నెండో కంబం దాటాక రోడ్డు వదిలి పొదల వైపు తిరిగాడు. అంత వేగం నేను వాడిలో అంతకుముందు చూడలేదు. ఫిట్టరు వాచీ ఆపాలా వద్దా అని నా మొహం చూశాడు.

సంగతి తెలిసి మా ఆవిడ చీపురు అందుకోలేదు గానీ, చూపు అదే పని చేసింది. "నా తమ్ముడు మనిషి. మీ ముగ్గురు చెప్పేది ఏదీ వాని నోట్లో పడకూడదు" అని, ఇంట్లో తినేదే పెట్టింది. రెండు వారాల్లో ఎనిమిది నిమిషాల పది. ఇంకో రెండు వారాలకు ఏడు నిమిషాల యాభై.

అక్కడ ఆగిపోయింది. ఎండొచ్చినా మంచొచ్చినా ఏడు యాభై. నేను మాత్రం నోరు ఆపలేదు.

"బామ్మర్దీ, నిన్ను దాటిపోయింది చూసినావా? ఆవు. కట్టేసిన తాడుతో గూడా పోయింది."

మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఒక పొద్దున మిల్లు ఓనరు నా భుజం పట్టి పక్కకు లాగాడు. "కోచ్చప్పా, నోటికి కొంచెం బీగం ఎయ్యి. ఆ కాలవ మోరీ కాడ కూచోని ఏడస్తా ఉండాడు వాడు."

పరుగుకు రెండు రోజులుందనగా వాడు బట్టల సంచీ సర్దుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నేను పోను బావా. యాభై సెకన్లు రెండు దినాల్లో యాడ తగ్గుతాది? అందరి ముందర ఓడిపోయేదానికి కృష్ణగిరి దాకా ఎందుకు పోవాల? తళికి పోతాను, పూలు కోసుకుంటాను."

నా దగ్గర జోకు లేదు. వెతికాను, నిజంగానే లేదు. చివరికి ఎవరికీ చెప్పనిది చెప్పాను.

"ఆరో తరగతి పరీక్షకు నేను పోలేదప్పా. తప్పుతానని నాకు నేనే చెప్పుకోని చింతతోపులో కూచున్నాను. తప్పేవాణ్ణో లేదో ఇప్పటికీ తెలీదు. అది తెలీకుండా ఉండేది బాగుండదు. నువ్వు పోయి ఓడిపోయి రా."

వాడు చెప్పులు విడిచాడు. తర్వాత సంచీ లోపల పెట్టాడు.

పరుగు రోజు నలుగురం మొదటి బస్సుకు కృష్ణగిరి చేరాం. మమ్మల్ని గ్రౌండు కంచె బయటే ఆపేశారు. మూడు రౌండ్లు, పైన ముప్పావు. విజిల్ ఊదారు. వాడు గుంపు మధ్యలో ఉన్నాడు, తర్వాత ముందుకొచ్చాడు, నాలుగో స్థానంలో నిలిచాడు. నేను కంచె కమ్మీ పట్టుకుని ఏం అరిచానో గుర్తు లేదు. తిట్లే అని ఫిట్టరు చెప్పాడు.

గీత దగ్గరికి రాగానే ముందున్న ముగ్గురూ మోకాళ్ల మీద చేతులు పెట్టి నిలబడ్డారు. మావాడు నిలబడలేదు. గీత దాటి, వాళ్లను దాటి, అదే ఊపున పోతూనే ఉన్నాడు.

"నిల్లుప్పా! ఏయ్, నిల్లు!" అని ఒక పోలీసాయన అరవంలో కేకేస్తూ వెంటపడ్డాడు.

రౌండ్ల లెక్క తప్పాడు, తీసేస్తారు అనుకున్నాను. పక్కన ఫిట్టరు వాచీని చూశాడు, ఊపాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది చప్పుడు చేసే రకం కూడా కాదు.

"ఆరు నిమిషాల ఇరవై ఎనిమిది. దీనికేమో అయిందప్పా."

దానికేమీ కాలేదు. పాసైనవాళ్ల నంబర్లు చదివినప్పుడు వాడి నంబరు వచ్చింది. వాడు బయటికొచ్చి అడిగిన మొదటి మాట: "బావా, ఈడ తక్కువ పరుగెత్తించినారా? నాకు ఇంకా దూరం ఉన్నట్లే ఉండె."

మర్నాడు పొద్దున పని దగ్గరి టేపు తీసుకుని తళి రోడ్డుకు పోయాను. ఒక కొస మిల్లు ఓనరు పట్టుకున్నాడు. మొదటి సందు అరవై మీటర్లు. రెండోదీ అరవై. ఊళ్లో మేము యాభైకొకటి పాతేవాళ్లం. చేల వెంట ఈ లైను వేసినవాళ్లు ఎడం ఎక్కువ పెట్టారు. ముప్పై సందులూ కలిపితే పద్ధెనిమిది వందలు. రెండు నెలలు రోజూ వాణ్ణి మూడొందల మీటర్లు ఎక్కువ పరుగెత్తించి, పైగా ఆవు కన్నా నిదానమని ఎక్కిరించాను.

మిల్లు ఓనరు నవ్వీ నవ్వీ రోడ్డు మీద కూర్చున్నాడు. "కావాలనే చేసినానని చెప్పప్పా. ఊరంతా నిన్ను దేవుడంటారు."

ఆశ పుట్టలేదని చెప్పను. కానీ వాడు సంచీ సర్దుకున్న పొద్దు గుర్తొచ్చి టేపు చుట్టేశాను. వాడు ఆ రోజు బస్సెక్కి వెళ్లిపోయి ఉంటే, ఒక మనిషి బతుకు నా నోటిలెక్కకు బలైపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కూడా కాదు.

ఇంటికొచ్చి అక్కాతమ్ముళ్లిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ చేతిలో కాఫీ లోటా అలాగే ఉండిపోయింది.

"వీడు పోకుండా ఉండింటే?"

నేను తల వంచుకున్నాను. బామ్మర్ది అక్క చేతిలోంచి లోటా తీసుకుని సగం తాగి, మిగతా సగం నా ముందు పెట్టాడు.

"పోయినాను గదక్కా" అన్నాడు. "తాగు బావా, చల్లారిపోతాది."