బందెలదొడ్డిలో నీడ

దేవరకొండ చుట్టుపక్కల ఐలేశాన్ని ఎరగని రైతు లేడు. ఇష్టపడే రైతూ లేడు. పద్దెనిమిదేళ్ళు అతను బందెలదొడ్డి కాపలాదారు. పరాయి చేలో మేసిన పశువులను ఆ రాతి గోడల మధ్యకు తోలి, జుర్మానా కట్టేదాకా తాళం వేసి ఉంచడం అతని నౌకరీ. పుట్టింది గొర్లు కాసే ఇంట్లోనే. ఒక వానాకాలం రోగమొచ్చి మందంతా పోతే, వేరే దారిలేక ఈ పనిలో చేరాడు.

1938లో దొడ్డిని ఊరి బయటికి మార్చి, ఐలేశాన్ని తహసీలు కచేరిలో నీళ్ళు మోసే పనికి వేశారు. కచేరి పక్కనే ఉన్న పాత దొడ్డి చెత్తకుప్ప అయింది. తగాదాల విచారణకు, పేషీలకు వచ్చిన పల్లె జనం పిలుపు కోసం పొద్దంతా ఎండలో నిలబడేవాళ్ళు. ఒకరోజు ఒక బాలింత సొమ్మసిల్లి పడిపోయింది. ఐలేశం ముఖాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది.

"అన్నా, గీడ జర కూసునే జాగా లేదానే?"

మర్నాడు ఐలేశం కచేరి కాగితాలు చూసే పేష్కారు ముందు నిలబడ్డాడు.

"సర్కార్, పాత దొడ్డిల చెట్లు పెడ్త. జనం కూసుంటరు."

పేష్కారు తలెత్తలేదు. "సర్కారు పైస ఇయ్యదు."

"పైస వద్దు సర్కార్. జాగా చాలు."

"నౌకరీ యాళ్ళకు చెయ్యొద్దు మల్ల."

అలా పని మొదలైంది. తెల్లారి కచేరికి పోయేముందు చెత్త ఎత్తేవాడు. భార్య గుర్వమ్మ మూలనున్న పాత బావి పూడిక తీసింది. కూలిన గోడ రాళ్ళను ఇద్దరూ దొర్లించుకొచ్చి కూర్చునే అరుగులు పేర్చారు. ఏళ్ళ తరబడి పేడ కుళ్ళి నేల నల్లగా ఉంది. వేప, కానుగ మొక్కలు నాటారు. మొదటి సంవత్సరం మొక్కలన్నిటినీ మేకలు కొరికేశాయి. మళ్ళీ నాటి, చుట్టూ కంప కొట్టారు.

"మన గొర్ల మంద కోసమన్న ఇంత కష్టపడ్డవా నువ్వు?" అంది గుర్వమ్మ, బొక్కెన దించి.

"పడ్డ. అయినా పోయింది."

అయిదో ఏటికి నీడ వచ్చింది. మనుషులే రాలేదు. "గొడ్లను బంధించిన కాడ మనం కూసుంటమా?" అని ఎండలోనే నిలబడేవాళ్ళు. ఐలేశం రోజూ అరుగులు ఊడ్చి, ఖాళీ అరుగులను చూసి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు సత్తమ్మ అనే ముసలామె పొలం తగాదా మీద వచ్చి, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, చివరికి ఒక అరుగు మీద కూలబడింది. ఐలేశం నీళ్ళు తెచ్చాడు. ఆమె అతన్ని గుర్తుపట్టింది.

"నా బర్రెను గట్టేసింది గా మూలకే గద?"

"ఔనక్కా."

"తొమ్మిది దినాలు. పాలెండిపోయినయి." నీళ్ళు తాగి చెంబు ఇచ్చింది. "నీ మీద కోపం పోలె. కాళ్ళల్ల సత్తువ లేక కూసున్న."

"కూసో అక్కా."

ఆమెను చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ ఎండాకాలం అయ్యేసరికి అంగడికొచ్చినవాళ్ళు సద్దిమూటలు కూడా అక్కడే విప్పుతున్నారు.

ఆపైన కొత్త తహసీల్దారు వచ్చాడు. అతనికి ఆ జాగా నచ్చింది. సాయంత్రాలు అధికారుల ఇళ్ళవాళ్ళు తిరగడానికి బాగుంటుందన్నాడు. పల్లె జనం రాకుండా తలుపు పెట్టించి, తాళం ఐలేశం చేతికి ఇవ్వబోయాడు.

ఐలేశం చేయి చాపలేదు. "పద్దెనిమిదేండ్లు తాళమేసిన సర్కార్. ఇగ నాతోని గాదు."

నౌకరీ పోయింది. తాళం ఇంకొకరు వేశారు. కొన్నాళ్ళు జనం మళ్ళీ ఎండలో నిలబడ్డారు, తర్వాత గోడ కూలిన వైపు నుంచి దూరడం నేర్చుకున్నారు. నీళ్ళు పోసేవాళ్ళు లేక మూడు చెట్లు ఎండిపోయాయి. ఐలేశం అప్పటికి కూలికి రాళ్ళు కొడుతున్నాడు.

1948లో ఇండియా మిలిటరీ వచ్చి నిజాం పాలన పోయాక ఆ తహసీల్దారు వెళ్ళిపోయాడు. తలుపును ఎవరో వంటచెరకుకు పీక్కుపోయారు. ఐలేశం, గుర్వమ్మ మళ్ళీ బొక్కెన పట్టుకొచ్చారు. ఇప్పుడు రెండు చెట్లకు పోసేసరికే అతనికి ఆయాసం. అరుగుల నిండా జనం ఉన్నారు. అతనెవరో సగం మందికి తెలియదు. భార్యాభర్తలు బావి దగ్గర నేలమీదే కూర్చున్నారు.

"ఇగ పోదమా?" అన్నాడు ఐలేశం.

"జరసేపాగు. నడుము లాగుతాంది," అంది గుర్వమ్మ.