సగం మిగిలిన వేలిముద్రలు

రికార్డు ఆఫీసులో ఆయనది చివరి గది. ముప్ఫై ఏళ్లుగా చివికిన పుస్తకాలను కుట్టి, అట్టలు వేసి నిలబెడుతున్నాడు. వేళ్లకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘జిగురు మామయ్య’. ఎవరి పిల్లల పుస్తకం చిరిగినా కిమ్మనకుండా అతికించి ఇస్తాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆయన చేతుల్లోనే ఒక తప్పు జరిగింది.

దేశ స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లినవాళ్ల పేర్లున్న పాత పుస్తకం అది. శుక్రవారం జనం చూసేందుకు హాల్లో పెట్టాలి. కుట్టడం అయ్యాక అంచులు సమంగా రావడానికి కటింగ్ మిషనులో పెట్టి కోస్తారు. కోసేముందు ప్రతి పేజీ తిప్పి చూడాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. ఆయన ఇరవై పేజీలు తిప్పాడు. అంచులు ఖాళీ. మిగతావీ అంతేలే అనుకుని పిడి లాగేశాడు.

కోసిన అంచుల పీలికలను గోనెసంచిలోకి ఎత్తుతుంటే ఒకదానిమీద నల్లటి చంద్రవంక కనబడింది. సగం వేలిముద్ర! గబగబా పుస్తకం తెరిచాడు. చివరి పేజీల్లో, జైల్లోనే కన్నుమూసినవాళ్ల పేర్ల పక్కన, చదువురాని తల్లులూ భార్యలూ ‘మావాడే’ అని చెప్పడానికి వేసిన ముద్రలు. అన్నీ సగమే మిగిలాయి.

చుట్టూ ఎవరూ లేరు. ఈ ముద్రల సంగతి ఆఫీసు జాబితాలోనూ లేదు. రేపు పదకొండింటికి చిత్తుకాగితాల బండి వస్తుంది. సంచి దాంట్లో పోతే అడిగే నాథుడుండడు.

తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరాడు.

పొద్దున కుటుంబ ప్రార్థనలో వాళ్లింట్లో ఒక అలవాటుంది. నిన్న తనకు ఎవరో ఒకరు చేసిన మేలు చెప్పి, ఒక్కొక్కరూ దేవునికి స్తోత్రం చెల్లించాలి.

“బస్సులో ఒకావిడ నా బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. స్తోత్రం” అంది కూతురు.

ఆయన వంతు వచ్చింది. గొంతు పెగల్లేదు.

“ఏంటండీ, జిగురు నోటికీ అంటుకుందా?” అంది భార్య. కూతురు కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు.

పిల్ల బడికి వెళ్లాక భార్యకు అంతా చెప్పాడు.

“ఉద్యోగం పోతుందా?”

“పోవచ్చు. పోతే ఈ క్వార్టర్సూ ఖాళీ చెయ్యాలి.”

“ఎవరైనా చూశారా?” అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. గుమ్మం దగ్గరి చెప్పులవైపు నడిచింది. “ఆఫీసరమ్మకి చెప్పడానికి నేనూ రానా?”

“వద్దు. ఏడుస్తావు.”

“ఏడ్చేది మీరే. తువ్వాలు తీసుకెళ్లండి” అంటూ ఆయన భుజంమీద వేసింది.

ఆఫీసు గేటు దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. బండి ముందే వచ్చేసింది. తన సంచి అప్పటికే దానిపైకెక్కింది. నోరు మూసుకుని నిలబడితే చాలు, అదే వెళ్లిపోతుంది. బండి కదిలింది.

“ఆపు! ఆపవయ్యా!”

“ఏంటి మామయ్యా, చెత్తకి కూడా అట్టలేస్తావా?” అని నవ్వుతూనే బండివాడు దిగి, సంచిని తనే లోపలిదాకా మోసి పెట్టాడు.

ఆయన చెప్పిందంతా విని, ఆఫీసరమ్మ సగం ముద్రలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా?”

“తెలిసేది కాదు మేడమ్. కానీ వాళ్లకి చదువు రాదు. వాళ్లు దేశానికి రాసిన మాట అదొక్కటే. అది కోసేసి ఇంట్లో మోకరిస్తే నాకు నోరు రావట్లేదు.”

“పైకి రిపోర్టు రాయక తప్పదు. వాళ్లేం చేస్తారో నేను చెప్పలేను.”

“రాయండి మేడమ్.”

ఆమె కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే తన బల్లమీది ఫైళ్లను మోచేత్తో పక్కకు జరిపి, “ఇక్కడ కూర్చోండి. వెలుతురు బాగుంటుంది. శుక్రవారంలోగా ఎన్ని అతికితే అన్ని” అంది.

కలం గీకుతున్న చప్పుడు ఆగలేదు. ఆయన మొదటి పీలికను పేజీ అంచుకు ఆనించాడు. గీతలు కలవలేదు. ‘ప్రభువా, ఈ ఒక్కటి’ అనుకుని మళ్లీ ఆనించాడు.