పోస్టుమాస్టరుగారి చేపలు

సరంగు తన పడవలో ఇద్దరికి మించి ఎక్కించుకోడు. మూడో మనిషి ఎక్కితే గాలాలతో పాటు మాటలు కూడా చిక్కుపడతాయంటాడు. పడుచుతనంలో తండ్రితో కలిసి వల లాగినవాడే. తండ్రి పోయాక వల అమ్మేసి, సరదాకి చేపలు పట్టాలని వచ్చేవాళ్లను పడవలో తిప్పడం బతుకుతెరువుగా పెట్టుకున్నాడు. నడిసముద్రం జోలికి పోడు. ఏరు వెళ్లి ఉప్పునీటిలో కలిసేచోట, మడచెట్ల నడుమ చీలిన పాయల్లోనే అతని తిరుగుడంతా.

ఆ పాయలకి కాలాన్ని బట్టి ఒక్కో మొహం. వానలు తగ్గి నీళ్లు తేరుకున్నాక చిన్న చేపలు గుంపులు గుంపులుగా ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు దిగుతాయి. వాటిని తరుముతూ పండుగప్పలనే పెద్ద చేపలు లోపలికొస్తాయి. సరంగుకి ఊపిరి సలపని రోజులవే. ఎండలు ముదిరితే చేప వంతెన స్తంభాల కింద లోతుకి చేరి బద్ధకంగా పడుంటుంది, ఎర మూతి దగ్గర పెట్టినా నోరు తెరవదు. గాలివానల నెలల్లో పడవని ఒడ్డుకి లాగి, అడుగున పట్టిన నాచు గీకి, రంగు వేసుకుంటూ ఉంటాడు.

పడవ నడపడం ఒక్కటే కాదు, అతనికి ఇంకో విద్య కూడా తెలుసు. తలూపడం. పడవలో జానెడున్న చేప ఒడ్డుకొచ్చేసరికి మూరెడైనా, ఇంటికెళ్లేసరికి బారెడైనా, "అవునా సరంగూ?" అని అడిగితే అవునంటూ తలూపుతాడు. "ఊళ్లోవాళ్ల గొప్పలన్నిటికీ ఊపి ఊపి ఏదో ఒకనాడు నీ మెడ పట్టేస్తుంది చూడు" అని భార్య దెప్పుతుంటుంది. అతను దానికీ తలూపి ఊరుకుంటాడు.

అలా తలూపించుకున్నవాళ్లలో పోస్టుమాస్టరుగారు ఒకరు. చలికాలం వస్తే చాలు, సెలవు పెట్టుకుని మరీ దిగిపోయేవారు. ఈసారి వానల్లో ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయారు. చలి మొదలయ్యాక ఒక పొద్దున రేవు మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకావిడ పోస్టుమాస్టరుగారి భార్య, రెండో ఆవిడ ఆయన చెల్లెలు. వదినా మరదళ్లిద్దరూ దారి పొడుగునా కీచులాడుకుంటూ వచ్చినట్టున్నారు.

"గొడుగు తేవద్దన్నానా వదినా? చేపలకి నీడ పడుతుందట."

"చేపల సంగతి తర్వాత. ముందు నీ మాట కాస్త తగ్గించు, పడవ ఒరిగేట్టుంది."

పడవ మొదటి మలుపు తిరగ్గానే చెల్లెలు గాలం చేతికి తీసుకుంది. "మా అన్నయ్య పట్టిన చోటే నేనూ వేస్తా. ఎప్పుడూ చెప్పేవాడే, ఆ మనిషెత్తు చేప ఎక్కడ పడింది?"

సరంగు తల దానంతటదే ఊగింది. "అదిగోనమ్మా, ఆ విరిగిన చెట్టు దగ్గర."

"బాగా పెనుగులాడిందా?" భార్య అడిగింది.

"చాలాసేపు."

"తీరా పైకొచ్చాక ఆయన ఏమన్నారు?"

చేపని ఎంతైనా పెంచడం సరంగుకి చేతనవును. పోయిన మనిషి నోట్లో అనని మాట పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. ఇంజను ఆపేశాడు.

"ఏమీ అనలేదమ్మా. అసలు ఆ చేప లేదు. ఆయన చేతికి చేప పడేది కాదు. పోతూ పోతూ బజార్లో మంచిది చూసి కొనుక్కుని, దాని పెదవికి నా దగ్గర అడిగి పట్టుకెళ్లిన గాలంతోనే చిల్లు పెట్టుకునేవారు, మీరు నమ్మాలని."

చెల్లెలు మొహం కందగడ్డ అయింది. "మా అన్నయ్య అబద్ధాలకోరంటావా?"

భార్య ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "మరి ఇన్నేళ్లూ ఎందుకొచ్చారు?"

"చుక్కాని పట్టుకోడానికి. ఎక్కింది మొదలు దిగేదాకా పడవ ఆయనే నడిపేవారు. నడుపుతూ పాటలు పాడేవారు."

"పాటలా? ఇంట్లో ఒక్కనాడు కూనిరాగమైనా తీయలేదే!" భార్య అతని వైపు తిరిగింది. "నేనేమైనా వద్దన్నానా? వింటే నా సొమ్మేం పోయింది?"

చేప అబద్ధమని తెలిసినా చలించని మనిషి, పాట నిజమని తెలిసేసరికి నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. అనవసరంగా నోరు జారానే అని సరంగు లోలోపల కుమిలిపోయాడు. "ఆ గొంతుకి కొంగలు లేచి ఎగిరిపోయేవమ్మా. మీరు నవ్వుతారని సిగ్గుపడి ఉంటారు" అన్నాడు. అది ఓదార్పు కోసం అన్నమాటేగాని అబద్ధం కాదు.

కాసేపటికి ఆవిడ లేచి వెనక్కొచ్చింది. "జరుగు. నేను నడుపుతా."

"ఆటు మొదలై నీళ్లు తీస్తున్నాయమ్మా, ఇప్పుడు కష్టం."

"జరుగు మరి."

అతను జరిగాడు. ఆవిడ కుడికి తిప్పబోయి ఎడమకి తిప్పింది. పడవ సర్రున వెళ్లి బురద దిబ్బ మీద కూర్చుంది. తెడ్డుతో ఎంత నెట్టినా కదల్లేదు. నీరు చూస్తుండగానే చుట్టూ జారిపోయింది. ఇక పోటు వచ్చేదాకా పడిగాపులే.

"బాగుంది వదినా! అన్నయ్య చేపల్ని పట్టలేదు, నువ్వు నీళ్లే లేకుండా చేశావు" అంది చెల్లెలు. అంతే, భార్యకి నవ్వు పొంగుకొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మరదలు గాలం పక్కన పడేసి వచ్చి వదిన తల తన భుజానికి ఆనించుకుంది. సరంగు మొహం అటు తిప్పుకుని, చిక్కులేని తాడుకి చిక్కు తీస్తూ కూర్చున్నాడు.

నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఆవిడ ఒక్కొక్కటే అడిగింది. ఆయన ఎక్కడ కూర్చునేవారు, టోపీ పెట్టుకునేవారా, అలసిపోతే ఏం చేసేవారు. అన్నిటికీ సరంగు ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. పోటు వచ్చి పడవ అడుగు మెల్లగా తేలినప్పుడు ఆవిడ అడక్కుండానే చుక్కాని అందుకుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి సరంగు తన భార్యకి జరిగిందంతా చెప్పాడు. "చెప్పి మంచి పని చేశానో, చెడ్డ పని చేశానో తెలియడం లేదు."

"ఆవిడ మళ్లీ వస్తే మంచిదే చేశావనుకో" అందామె.

ఆవిడ వచ్చింది. మొదట నాలుగు రోజులకోసారి, తర్వాత వారమంతా. ఏ పాయలో దిబ్బ పెరిగింది, ఎక్కడ లోతు మారింది అని అతనితో వాదులాడి మరీ నేర్చుకుంది. మరుసటేడు చలికాలానికి రేవు దగ్గర చిన్న గది అద్దెకి తీసుకుంది. ఇప్పుడు సరంగు పడవ ముందువైపు కూర్చుని వచ్చినవాళ్లకు ఎర గుచ్చి గాలం వేయడం చూపిస్తాడు. వెనక చుక్కాని ఆవిడది. వచ్చినవాళ్లలో కొందరు ఆడమనిషి నడిపే పడవా అని వెనక్కి తిరిగి తిరిగి చూస్తారు. "నీళ్ల వైపు చూడండి బాబూ, చేప అక్కడుంది" అంటుంది ఆవిడ.